తాతబాబు మానేసిన మాత్ర

సీతాలు తన టైలరింగు షాపు షట్టరు దించుతుండగానే, గ్రౌండులోంచి మొగుడి గొంతు కూర్మన్నపాలెం జంక్షను దాకా వచ్చేసింది.

“ఎలిపోనాడు! చందు కూతకెలిపోనాడు! ఆనందపురం పులి మన గడపలో కాలెట్టీసింది! ఎడమకి సూపించినాడు, కుడికి దూకీసినాడు, సూడండి బాబూ సూడండి, కాలు పట్టీసినారు... నేదు, నేదు, జారిపోనాడు! గీత తాకీసినాడు! రెండు పాయింట్లు!”

ఆ వెంటే ఈలలు, డప్పులు. సీతాలుకు నవ్వాగలేదు. తాళం సరిగ్గా పడిందో లేదో కూడా చూసుకోకుండా కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని గ్రౌండు వైపు పరుగులాంటి నడక మొదలుపెట్టింది. కబడ్డీ ఫైనలు. కూర్మన్నపాలెం కుర్రాళ్ళకీ ఆనందపురం కుర్రాళ్ళకీ పోటీ. షిఫ్టు దిగిన స్టీల్‌ప్లాంటు వాళ్ళు ఇంటికి కూడా పోకుండా క్యారేజీ డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని ప్రహరీ గోడెక్కి కూర్చున్నారు. ఆటో వాళ్ళు ఆటోల టాపుల మీదకెక్కారు. కోర్టు పక్కన కర్రలతో కట్టిన ఎత్తయిన మంచె మీద, మెడలో కమిటీ వాళ్ళు వేసిన కండువాతో, మైకు పట్టుకుని తాతబాబు నిలబడి ఉన్నాడు. అందరి కళ్ళూ కోర్టు మీద ఉన్నాయి, చెవులు మాత్రం వాడి దగ్గర ఉన్నాయి.

తన మొగుణ్ణి మళ్ళీ ఇలా చూస్తానని సీతాలు అనుకోలేదు.

తాతబాబు సముద్రం మనిషి. ఫిషింగ్ హార్బరులో బోటు మీద పనిచేసేవాడు. ఒకరోజు వల లాగుతూ లాగుతూ ఉన్నపళంగా కొయ్యబారిపోయి, నోట నురగతో డెక్కు మీద పడి కొట్టుకున్నాడు. పక్కవాడు లుంగీ పట్టుకుని లాగకపోతే నీళ్ళలోకి జారిపోయేవాడే. తర్వాత ఇంట్లో రెండుసార్లు అలాగే పడ్డాడు. పెద్దాసుపత్రిలో డాక్టర్ యశస్విని పరీక్షలన్నీ చేయించి, ఇది మూర్ఛరోగమనీ, దెయ్యం కాదు, గాలి కాదు, మందుతో అదుపులో ఉంటుందనీ చెప్పి ఫినోబార్బిటోన్ మాత్ర రాసింది. చాలా పాత మందు, బాగా పనిచేసే మందు, రోజూ రాత్రి పడుకునే ముందు ఒక్కటి వేసుకుంటే చాలంది. సారా తాగితే మాత్రం ఈ మాత్రతో కలిసి ఊపిరే ఆగిపోవచ్చని హెచ్చరించింది. తాతబాబు ఆ రోజే తాగుడు మానేశాడు. బోటు ఎక్కడం కూడా మానేయాల్సి వచ్చింది. అది మాత్రం వాడికి తాగుడు మానినంత తేలిక కాలేదు.

ఫిట్సు పోయాయి. మళ్ళీ రాలేదు. కానీ ఆ మాత్ర ఫిట్సును అణిచినట్టే మనిషిని కూడా కొంచెం అణిచింది. పొద్దున లేస్తే కళ్ళు బరువు. మాట వెతుక్కుని వెతుక్కుని వచ్చేది. నాలుక మందంగా కదిలేది. సీతాలు షాపులో గుండీలు కుడుతూ కూర్చుని, సూది చేతిలో ఉండగానే తూగేవాడు. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడల్లా ఆమె “ఎలా ఉంది తాతబాబు గారూ? మత్తుగా ఉంటోందా?” అని అడిగేది. “బానే ఉందమ్మా” అనేవాడు. ఇంకేమన్నా చెబితే మందు పెంచుతుందేమో, మళ్ళీ పరీక్షలంటుందేమో అని వాడి భయం.

ఇలా ఉండగా వాణ్ణి మైకు దగ్గరికి లాక్కొచ్చినవాడు లతీఫ్. ఓల్డ్ టౌనులో మైకుసెట్ల వ్యాపారం. బోటు పూజలకు మైకు కట్టడానికి హార్బరుకు వస్తూ తాతబాబుకు స్నేహితుడయ్యాడు. ఒక టోర్నమెంటులో కామెంటరీ చెప్పేవాడు రాకపోతే “నువ్వు సెప్పు బావా” అని మైకు చేతిలో పెట్టాడు. తాతబాబు చెప్పాడు. జనానికి నచ్చింది. సముద్రం మీద కేకలేసిన గొంతు కదా, ఖంగుమనేది. ఒక్కటే లోటు, నెమ్మది. ఎవడో కుర్రాడు గోడ మీంచి అరిచాడు: “బావా, రైడరు ఇంటికెల్లి బోంచేసొచ్చీసినాడు, నువ్వింకా కూత కాడే ఉన్నావు!” అందరూ పగలబడి నవ్వారు. తాతబాబు కూడా నవ్వాడు. ఇంటికొచ్చాక అన్నం ముట్టలేదు.

అలాంటి మనిషి సెమీఫైనల్లో చెలరేగిపోయాడు. మాటలు గంతులేశాయి. ఇవాళ ఇంకా ఎక్కువ. సీతాలు జనాన్ని తోసుకుంటూ మంచె దగ్గరికి వచ్చి తల పైకెత్తి చూస్తూ, చుట్టుపక్కల వాళ్ళందరికీ వినబడేలా “మా ఆయనే” అంది, ఎవరూ అడక్కపోయినా.

“సాయిశంకర్! సాయిశంకర్ ఒత్తన్నాడు! మన కూర్మన్నపాలెం కుర్రోడు, కన్వేయరు బెల్టులాగ ఆగడు, కొలిమిలాగ సల్లారడు! ముట్టుకున్నాడు, ఒకణ్ణి ముట్టుకున్నాడు, ఇద్దర్ని! పట్టీసినారు, ముగ్గురు పట్టీసినారు, ఈడ్సుకొత్తన్నాడు! ముగ్గుర్నీ ఈడ్సుకొత్తన్నాడు బాబోయ్!”

సీతాలు కూడా గెంతింది. గెంతుతూనే చూసింది. మైకు పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. సముద్రపు గాలి చల్లగా వీస్తుంటే వాడి చొక్కా మాత్రం తడిసి వీపుకంటుకుపోయింది. ఊపిరి కూడా తీసుకోకుండా మాట మీద మాట వేస్తున్నాడు. కళ్ళలో ఏదో వెలుగు, ఉషారుకు మించిన వెలుగు. ఈ మధ్య రాత్రుళ్ళు సరిగా పడుకోవడం లేదని అప్పుడు గుర్తొచ్చింది. ఫైనలు ఆరాటం అనుకుంది ఇన్నాళ్ళూ.

మొదటి సగం ముగిసింది. తాతబాబు మంచె దిగి వచ్చాడు. సీతాలు కమిటీ వాళ్ళ మజ్జిగ చెంబు అందుకుని గ్లాసులో పోసి ఇచ్చింది. గ్లాసు వాడి చేతిలో గడగడలాడి మజ్జిగ ఒలికింది.

“ఎలాగుందే కామెంటరీ?”

“సాలా బాగుంది మావా. నీ సెయ్యేటి అలా వణుకుతంది?”

“ఉషారే! ఒల్లంతా ఉషారు!”

“రేత్రి పడుకోనేదు నువ్వు. మొన్నా పడుకోనేదు. ఏటయ్యింది నీకు?”

తాతబాబు అటూ ఇటూ చూసి, గొప్ప శుభవార్త చెప్పేవాడిలా ఆమె చెవి దగ్గరికి వంగాడు. “ఒక మాట సెప్తాను, అరవకు. మాత్ర మానీసినాను.”

సీతాలు చేతిలోని చెంబు కింద పెట్టేసింది.

“సెమీఫైనల్ ముందు నుంచి, వారం దాటీసింది! నువ్విచ్చినప్పుడల్లా నాలిక కింద ఎట్టుకుని పెరట్లో ఉమ్మీసినాను. ఏటయ్యింది? ఏటవ్వనేదు! మొదటి రోజూ ఏటవ్వనేదు, రెండో రోజూ ఏటవ్వనేదు. మబ్బు ఇడిపోయినట్టుగుంది సీతాలూ. రోగం పోనాది. ఇంకా ఆ మాత్రెందుకు?”

“డాక్టరమ్మ ఏటి సెప్పింది మావా? గోడ సంగతి మర్సిపోనావా?”

మరిచిపోయే సంగతి కాదది. మొదటిసారి మందు రాసినప్పుడే యశస్విని, సముద్రం మనిషికి అర్థమయ్యేలా చెప్పింది: ఈ మాత్ర అలకు కట్టిన అడ్డుగోడ లాంటిది. తీసేయాలంటే నెలల తరబడి ఒక్కో రాయీ తీయాలి. ఒక్కసారిగా పడగొడితే వెనకున్న నీళ్ళన్నీ ఒక్కసారే మీద పడతాయి. అసలు మందు వేసుకోని మనిషికంటే, వేసుకుంటూ ఉన్నట్టుండి మానేసిన మనిషికే ఎక్కువ ముప్పు.

“మావా, ఇంటికి పోదాం రా. డాక్టరమ్మకి ఫోన్ సేద్దాం.”

“ఫైనలు మద్దిలోనా? పిచ్చేటి నీకు?”

అప్పుడే కమిటీ ప్రెసిడెంటు గురునాథరావు కేకేశాడు. “తాతబాబూ! టీములు దిగీసినాయి, మైకందుకో!” తాతబాబు పెళ్ళాం చెయ్యి విడిపించుకుని గ్లాసు అక్కడే పడేసి మంచె వైపు పరుగెత్తాడు.

సీతాలు వాడి వెనక పోలేదు. తిన్నగా యాంప్లిఫైరు బల్ల దగ్గరికి పోయింది. లతీఫ్ వైర్లు సర్దుకుంటున్నాడు.

“లతీఫ్ అన్నా, మాత్ర మానీసినాడంట! వారం పైనయ్యింది!”

లతీఫ్ మొహం మారిపోయింది. “యా అల్లా! మా కూతురు షహజాదీది కూడా ఆ మాత్రే సెల్లెమ్మా. పెళ్ళి హడావుడిలో మానీసింది. కొన్నాళ్ళు బాగానే ఉంది, తర్వాత ఒక్కసారిగా పడిపోనాది.” మంచె వైపు చూశాడు. తాతబాబు సగం నిచ్చెన ఎక్కేశాడు. “ఇప్పుడు నువ్వు పిలిసినా రాడు, నాను పిలిసినా రాడు. కిందకైతే దించుతాను, ఉండు.”

మంచె మీదకు పోయే వైరు పట్టుకుని పిన్ను లాగేశాడు. పైన తాతబాబు “అలో, అలో” అన్నాడు. పెదవులు కదిలాయి తప్ప మాట రాలేదు. జనం గోల పెట్టారు.

“బావా! పైన ఎర్తింగు పోనాది, షాకు కొట్టీగలదు! కిందకి దిగు, ఇక్కడింకో మైకుంది!” అని లతీఫ్ అరిచాడు.

తాతబాబు తిట్టుకుంటూ దూకినట్టే దిగాడు. ఈలోగా లతీఫ్ కోర్టు అంచున టార్పాలిన్ పరిచి, దగ్గర్లోని ఇనప స్టాండ్లను అవతలికి జరిపేశాడు. కుర్చీ వేయలేదు. “కూకుని సెప్పు బావా, ఎనకవాళ్ళకి అడ్డం” అన్నాడు. సీతాలు పోయి మొగుడి వెనక ఆనుకుని కూర్చుంది. ప్రెసిడెంటు గురునాథరావు చెవిలో సంగతి పడేసరికి ఆయన గేటు వైపు ఒక మనిషిని పంపించాడు. ఆటగాళ్ళ దెబ్బల కోసం అక్కడ అంబులెన్సు ఉంచారు.

రెండో సగం మొదలైంది. అలాంటి ఆట ఆ గ్రౌండు మళ్ళీ చూస్తుందో లేదో. ఆనందపురం నాలుగు పాయింట్లు ముందుకు పోయింది. కూర్మన్నపాలెం పట్టుకుంది. చందు ఒక్క కూతలో ముగ్గుర్ని అవుట్ చేశాడు. సాయిశంకర్ బదులుగా ఇద్దర్ని అవుట్ చేశాడు. తాతబాబు గొంతు ఆ ఇద్దరి కాళ్ళకంటే ముందు పరిగెడుతోంది. జనం కోర్టు గీత మీదకి వచ్చేశారు. గోడ మీది వాళ్ళు క్యారేజీ డబ్బాలు కొట్టి వాయిస్తున్నారు. సీతాలుకు భయమూ ఆటా కలిసిపోయి ఏది ఏదో తెలియడం లేదు. తన అరచెయ్యి మొగుడి వీపు మీదే ఉంది. ఆ వీపు వేడెక్కిన మోటారులా అదురుతోంది.

చివరి కూత. పాయింట్లు సమానం.

“సమానం బాబూ సమానం! ఈ కూతే ఆకరి కూత! సాయిశంకర్ మట్టి కల్లకద్దుకున్నాడు! గీత దాటినాడు! ఎదర చందు, ఎదర చందు, ఎదర... ఎదర... ఎదర...”

మాట అక్కడే తిరిగింది. ఆట మరిచిపోయి సీతాలు మొగుడి మొహంలోకి చూసింది. మెడ ఒక పక్కకు తిరిగిపోతోంది. తర్వాత మైకులోంచి ఒక పెద్ద మూలుగు బయల్దేరి, గ్రౌండు చుట్టూ ఉన్న బాక్సులన్నింటిలోంచీ వినిపించింది. తాతబాబు కొయ్యబారి ఆమె ఒళ్ళోకి పడిపోయాడు.

కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మొదలైంది. సాయిశంకర్ కూత మధ్యలో ఆగిపోయాడు. రిఫరీ విజిలేశాడు. జనం మీద పడ్డారు. ఎవరో తాళాల గుత్తి తెచ్చారు. ఎవరో చెంబుతో నీళ్ళు నోట్లో పొయ్యబోయారు.

“వద్దు! నోట్లో ఏటీ ఎయ్యకండి!” సీతాలు గొంతు చించుకుంది. “అదిమి పట్టకండి! గాలాడనియ్యండి!”

లతీఫ్ మైకందుకుని “భాయ్, అందరూ ఎనక్కి! ఎనక్కి!” అని అరిచాడు. చందూ సాయిశంకరూ రెండు జట్ల కుర్రాళ్ళనూ పిలిచి చేతులు పట్టించి చుట్టూ వలయం కట్టించారు. సీతాలు మొగుణ్ణి ఎడమపక్కకు ఒత్తిగిలించి, తల కింద తన కొంగు మడిచి పెట్టింది. ఇలాంటివి ఇంట్లో రెండు చూసింది. కాసేపట్లో తగ్గుతుంది, మూలుగుతూ కళ్ళు తెరుస్తాడు. అదే ఆమె ధైర్యం.

కొట్టుకోవడం తగ్గింది. కళ్ళు తెరవలేదు. “మావా” అని పిలిచింది. పలకలేదు. ఇంకోసారి పిలుస్తుండగానే ఒళ్ళు మళ్ళీ కొయ్యబారింది. తెలివి రాకుండానే రెండోది పట్టుకుంది. ఆమె ధైర్యమంతా అక్కడే జారిపోయింది.

“అంబులెన్సు!” అని గురునాథరావు అరవడం, జనం దారిగా చీలిపోవడం, కుర్రాళ్ళు స్ట్రెచరు ఎత్తుకుని పరిగెత్తడం అన్నీ ఒక్క ఊపిరిలో జరిగిపోయాయి. సీతాలు, లతీఫ్ వెనకెక్కారు. గాజువాక దాటుతుంటే సైరను మోతకు లారీలు పక్కకు తప్పుకున్నాయి. అంబులెన్సు కుర్రాడు ఆక్సిజన్ పెట్టి సూది వేశాడు. కొంచెం ఆగి, మళ్ళీ మొదలైంది. సీతాలు మొగుడి పాదాలు రెండూ గట్టిగా పట్టుకుని “ఎంత దూరం, ఇంకా ఎంత దూరం” అని అడుగుతూనే ఉంది.

ఆసుపత్రిలో యశస్విని స్వయంగా వచ్చింది. “ఏ మాత్ర? ఎప్పుడు మానేశారు?” అని రెండే ప్రశ్నలు అడిగింది. సీతాలు చెప్పింది. నర్సు వైపు తిరిగి డాక్టరమ్మ చెప్పిన మందు పేరు విని సీతాలు ఉలిక్కిపడింది.

“అదేనామ్మా? ఈయన మానీసిన మందే ఎక్కిస్తారేటి?”

“అదే. ఏది తీసేస్తే ఇంత జరిగిందో దాన్నే తిరిగి ఇస్తున్నాం. నరంలోకి, నెమ్మదిగా. తొందరపడితే ఊపిరి మందగిస్తుంది, రక్తపోటు పడిపోతుంది. అందుకే ఈ మెషీన్లన్నీ పెట్టాం. మీరు బయట కూర్చోండి.”

సీతాలు బయట కూర్చోలేదు. తలుపు అద్దంలోంచి చూస్తూ నిలబడింది. సీసాలోంచి మందు దిగుతోంది. తాతబాబు కాళ్ళు అదురుతున్నాయి. కొంచెం తగ్గాయి. చేతులు తగ్గాయి. చివరికి ఒక కనురెప్ప మాత్రం టపటపలాడి, అదీ ఆగింది. నర్సు వంగి ఊపిరి చూసింది, వేలికి తగిలించిన క్లిప్పు చూసింది, తల పైకెత్తి అద్దంలోంచి సీతాలును చూసి తలూపింది. సీతాలు గభాలున తిరిగి, పక్కన నిలబడ్డ లతీఫ్ భుజం మీద తల ఆనించి ఏడ్చేసింది. లతీఫ్ కూడా కళ్ళు తుడుచుకున్నాడు.

మర్నాడు పొద్దుటికి తాతబాబు కళ్ళు తెరిచాడు. నాలుక కొరుక్కోవడంతో వాచింది. నీళ్ళు తాగాడు. ముందు సీతాలును గుర్తుపట్టాడు, తర్వాత ఎక్కడున్నాడో అర్థం చేసుకుని మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. యశస్విని వచ్చి మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

“మత్తుగా ఉంటోందా అని నేను అడిగిన ప్రతిసారీ బానే ఉందన్నారు.”

తాతబాబు మెల్లగా ఇటు తిరిగాడు.

“మానేసిన మర్నాడే ఫిట్స్ రాలేదు కాబట్టి రోగం పోయిందనుకున్నారు. ఈ మందు ఒంట్లోంచి చాలా నెమ్మదిగా దిగిపోతుంది తాతబాబు గారూ. ఆ రోజుల్లో మీకు వచ్చిన హుషారు సగం నిజం, సగం గోడ కూలుతున్న చప్పుడు. చెయ్యి వణకడం, నిద్ర పట్టకపోవడం, చెమటలు, అన్నీ దాని గుర్తులే.”

“మాట రావట్నేదమ్మా ఆ మాత్రతో” అన్నాడు తాతబాబు చిన్నగా. “మాటే నా బతుకు ఇప్పుడు.”

“అది నాకు ముందే చెప్పి ఉంటే మార్చేదాన్ని. వేరే మందులున్నాయి. ముందు కొత్తది మొదలుపెట్టి, అది కుదురుకున్నాక పాతదాన్ని కొద్దికొద్దిగా తగ్గిస్తాం. నెలలు పడుతుంది. అందాకా ఈ మాత్ర ఒక్క పూట కూడా తప్పకూడదు. ఎముకల కోసం రక్తపరీక్ష కూడా చేయిద్దాం, ఏళ్ళ తరబడి వాడితే ఎముకలు బలహీనపడతాయి. నెలలు ఓపిక పట్టగలరా?”

తాతబాబు సీతాలు వైపు చూశాడు. ఆమె చూపు తప్పించలేదు. “ఇంకెప్పుడూ ఉమ్మనమ్మా” అన్నాడు.

మధ్యాహ్నం దాటాక వార్డు గుమ్మంలో గలభా అయింది. సాయిశంకర్, చందూ, వెనక లతీఫ్. మోకాళ్ళకు మట్టి మరకలు ఇంకా పోలేదు. ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ లోపలికొచ్చారు.

తాతబాబు లేచి కూర్చోబోయాడు. “ఎవరు నెగ్గినార్రా?”

“నువ్వెల్లిపోయాక ఆకరి కూత మళ్ళీ ఆడించినారు బావా” అన్నాడు సాయిశంకర్. “మైకు నేదు, ఏటీ నేదు. ఒక్కడు కూడా అరవనేదు. నా కూత నాకే ఇనబడి బయమేసింది.”

“నాను సీలమండ పట్టీసినాను ఈడిది” అన్నాడు చందు.

“పట్టినాడు గాని నాను సెయ్యి సాపినాను...”

“సాపితే? గీత అక్కడెక్కడో ఉంటేను!”

“ఆగండ్రా!” అన్నాడు తాతబాబు. “అలా కాదు. చందూ, నువ్వెక్కడున్నావు? మూలనా, మద్దినా? నువ్వు ఏ కాలు మీద దూకినావురా?”

ఇద్దరూ చెప్పారు. తాతబాబు కళ్ళు మూసుకుని విన్నాడు. తర్వాత మొదలుపెట్టాడు. మందు పూర్తి మోతాదులో ఉంది, నాలుక వాచి ఉంది, ఒక్కో మాటా బరువుగా దొర్లి వచ్చింది.

“సాయిశంకర్... గీత దాటినాడు. ఎవలూ... అరవట్నేదు. ఎదర... చందు. కదలట్నేదు. సూత్తన్నాడు.”

పక్క మంచం మీద విరిగిన కాలుతో పడుకున్న ముసలాయన ఇటు తిరిగాడు. అవతల మంచం దగ్గర టిఫిను తినిపిస్తున్నావిడ చెయ్యి ఆగిపోయింది.

“ఎడం కాలు... ఏసినాడు. చందు... వంగినాడు. వల మీద పిట్ట... వాలినట్టు... వాలినాడు. పట్టీసినాడు... సీలమండ.”

సీతాలు ఇంకాస్త దగ్గరికి జరిగింది. ఆట సంగతి తనకూ తెలియదు. నిన్నటి నుంచి ఎవర్నీ అడగాలని కూడా తోచలేదు.

“సాయి... పడినాడు. పడి... పాకతన్నాడు. ఎనక చందు. చందు ఎనక... ఇంకో నలుగురు. సెయ్యి... సాపినాడు.”

అప్పుడే నర్సు లోపలికొచ్చింది. “ఏంటీ గోల? విజిటర్సు టైమైపోయింది, బయటికి నడవండి!”

“ఉండమ్మా!” అని వార్డు మొత్తం ఒక్కసారి కసిరింది.

తాతబాబు చెయ్యి గాల్లోకి చాచాడు. వేళ్ళు మెల్లగా, మెల్లగా తెరుచుకున్నాయి. ఆ చెయ్యి ఇప్పుడు వణకడం లేదు. “వేలు... కొస వేలు... గీత కాడికి... ఎల్తంది... ఎల్తంది...” అంటూ చందు మొహంలోకి చూశాడు. “నువ్వు సెప్పరా. తాకిందా?”

చందు తలొంచుకున్నాడు. అలాగే నవ్వేశాడు. “తాకింది బావా. రిఫరీ అడిగితే నానే సెప్పినాను.”

“తాకీసింది!” అన్నాడు తాతబాబు. వార్డు వార్డంతా ఒక్కసారిగా ఊగిపోయింది. ముసలాయన మంచం కోడు మీద చేత్తో బాదాడు. సాయిశంకర్ చందును ఎత్తుకుని తిప్పాడు. సీతాలు మొగుడి తల రెండు చేతులతో పట్టుకుని నవ్వుతూ ఏడుస్తూ నుదురు నుదురుకు ఆనించింది. నర్సు చేతిలో మందుల ట్రే పట్టుకుని గుమ్మంలోనే నిలబడి, “ఇంతకీ నెగ్గింది ఏ ఊరు?” అని అడిగింది.